బిగించుకునే పక్క

కొత్త కలపతో బల్ల చేయించాలంటే కొలతలు రాసి వడ్రంగి చేతికిచ్చి రావచ్చు. కాగితం మీద గీసిందే వారం తిరిగేసరికి ఇంటికొస్తుంది. పాత కలప అలా ఒప్పుకోదు. దాని పొడవు ఎప్పుడో ఎవరో నిర్ణయించేశారు. ఏ మేకు విరిగి లోపలే ఉండిపోయిందో, ఏ చివర వాననీళ్లు తాగి మెత్తబడిందో చూసుకున్నాకే పెన్సిలు పట్టుకోవాలి. ముందు వస్తువు, ఆ తర్వాతే బొమ్మ. డిజైన్ చదువుకునే పిల్లలు మొదటి ఏడాది నుంచీ అలవాటు చేసుకునే క్రమం దీనికి తిరగబడి ఉంటుంది. అందుకే పాత సామాన్లతో పని అనగానే వాళ్లు మొదట్లో తడబడతారు. తడబడినవాళ్లు పక్కవాళ్లను అడగడం మొదలుపెడతారు. కలిసి పనిచేయడం అంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది ఆ అడగడం దగ్గరే.

నేను కృష్ణా జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా దగ్గర కథల పుస్తకాలున్నాయి, కానీ కూర్చుని చదువుకునే చోటు లేక అవి బీరువాలోనే ఉండిపోయేవి. ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం చదివే ఐదుగురు విద్యార్థులు తమ స్టూడియో పనికి మా బడిని ఎంచుకున్నారు. పడమటి వరండాలో పిల్లలకు చదువుకునే మూల ఒకటి తయారు చేయాలి. కొత్త సామాను కొనకూడదు, వాడి పక్కన పడేసినవాటితోనే చేయాలి. ఇది వాళ్ల ప్రొఫెసర్ పెట్టిన నియమం. బడి తరఫున వాళ్లతో కలిసి పనిచేసే బాధ్యత హెడ్మాస్టరు గారు నాకు అప్పగించారు.

మొదటిసారి వచ్చినప్పుడే వాళ్ల లాప్‌టాప్‌లో బొమ్మలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఎరుపు, పసుపు రంగులేసిన టైరు కుర్చీలు, ఖాళీ సీసాల గోడ, చెక్కపెట్టెల అల్మరా. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ అవి ఏ దేశంలో ఏ బడికైనా సరిపోయే బొమ్మలు. మా వరండాలో సాయంత్రం మూడింటికి ఎండ ఎక్కడిదాకా వస్తుందో వాటిలో లేదు. మా ఒకటో తరగతి పిల్లల మోకాలి ఎత్తు ఎంతో లేదు. అన్నిటికన్నా ముందు, ఆ సామాను చుట్టుపక్కల దొరుకుతుందో లేదో లేదు.

దొరికేవేమిటో వెతకడం మా బడి స్టోరు గదితోనే మొదలైంది. విరిగిన డ్యూయల్ డెస్కులు అక్కడ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పై చెక్కలు ఊడిపోయాయి గానీ ఇనుప ఫ్రేములు గట్టివే. విద్యార్థులు సంబరపడి బయటికి లాగబోతుంటే ఆపాల్సి వచ్చింది. ప్రభుత్వ బడిలో విరిగిన బల్లకైనా స్టాక్ రిజిస్టర్లో ఒక నంబరు ఉంటుంది. దాన్ని పనికిరానిదిగా రాయించుకోవాలి, తల్లిదండ్రుల కమిటీ తీర్మానం కావాలి, పైఅధికారి సంతకం కావాలి. రాయచోటి నుంచి వచ్చిన అమ్మాయి ఆ అర్జీ తనే రాస్తానంది. ఏ ఫ్రేము ఏ పనికి వాడబోతున్నారో చిన్న బొమ్మ వేసి జతచేసింది. ఆ బొమ్మ చూశాకే కమిటీలో అందరూ తలూపారు. డిజైను అనే పనిలో ఇదీ భాగమేనని నేను అనుకుంటాను. తనకు కావలసిన వస్తువు మీద ఇంకొకరికి హక్కు ఉందని గుర్తించడం, వాళ్లకు అర్థమయ్యేలా అడగడం.

టైర్ల కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. లారీకి సంబంధించి అక్కడ దొరకనిది లేదంటారు. విద్యార్థులు ఒక్కో టైరు సగానికి కోస్తే ఎన్ని కుర్చీలొస్తాయో లెక్క కట్టుకొచ్చారు. కొట్టులో ఉన్న మేస్త్రి ఆ లెక్క విని, కింద పడి ఉన్న రెండు టైర్లను కాలితో కదిపాడు.

"ఇది రేడియల్ బాబూ. లోపల ఇనుప తీగ పరిచి ఉంటది. కత్తి పెడితే కత్తి పోద్ది. మిషను మీద కోసినా ఆ తీగ ముక్కలు బయటికొచ్చి పిల్లల కాళ్లు చీరేస్తాయి. ఇదిగో, ఇది నైలాను. దీని పక్కగోడ సబ్బునీళ్లు పోసుకుంటా కోస్తే చేత్తోనే తెగుద్ది. అంచుల్లో మాత్రం దేనికైనా తీగ చుట్టే ఉంటది, ఆడకి పోమాకండి."

ఐదుగురూ ఆయన ముందు గొంతుక్కూర్చున్నారు. వాళ్లలో గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. కోయకుండా టైరును టైరులాగే వాడుకుంటే అన్న ఆలోచన అక్కడే పుట్టింది. 20 అంగుళాల రిమ్ముకు ఎక్కే లారీ టైరు బయటి అడ్డుకొలత మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. పడుకోబెట్టి మధ్య ఖాళీని నులకతోనో నవారుతోనో అల్లితే పిల్లలు కూర్చునే పీట అవుతుంది. మేస్త్రి నైలాను టైర్లు ఏరి ఇచ్చాడు. వాన నీళ్లు నిలవకుండా అడుగు పక్కన బొక్కలు కొట్టించుకోండని కూడా చెప్పాడు. ఆ మాట విలువ తర్వాత తెలిసింది. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టడానికి టైరులో నిలిచిన కాసిని నీళ్లు చాలు. శుక్రవారం డ్రై డే అని ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎం మా బడి ఆవరణలో టైర్లు చూడగానే ముందు అభ్యంతరం చెప్పింది. బొక్కలు చూపించాక గానీ శాంతించలేదు.

కానీ మమ్మల్ని అన్నిటికన్నా గట్టిగా నిలదీసిన అభ్యంతరం వేరే ఉంది. టైర్లు ఆటోలోంచి దించుతున్నప్పుడు మా మూడో తరగతి పాప వాళ్లమ్మ చూసింది. పొలం పనికి పోయే మనిషి. దగ్గరికొచ్చి అడిగింది.

"కాన్వెంటు పిల్లలకేమో కొత్త కుర్చీలు. మా పిల్లలకు లారీ టైర్లా టీచర్ గారూ?"

పాతవస్తువుల వాడకం గురించి మనం మాట్లాడే మంచి మాటలన్నీ ఈ ప్రశ్న ముందు నిలబడగలగాలి. భూమికి మేలు, చెత్త తగ్గుతుంది, ఖర్చు కలిసొస్తుంది. నిజమే. ఆ మేలంతా ఎప్పుడూ లేనివాళ్ల పిల్లలతోనే ఎందుకు చేయించాలి? ఆ తల్లి తన చిన్నప్పటి నుంచీ ఎవరో కట్టి విడిచిన చీర కట్టుకుని ఉండవచ్చు, ఎవరో చదివి వదిలేసిన పుస్తకంతో బడికి వచ్చి ఉండవచ్చు. ఆమెకు పాతవస్తువు కొత్త ఆలోచన కాదు. దాన్నుంచి బిడ్డను బయట పడేయాలనే ఆమె రోజూ ఎండలో కలుపు తీస్తోంది. అలాంటి మనిషికి రీసైక్లింగ్ గురించి ఉపన్యాసం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. విద్యార్థులు కూడా ఇవ్వలేదు. వాళ్లలో హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు మాత్రం మెల్లగా అడిగాడు: "కొత్త కుర్చీలో ఉండి దీంట్లో లేనిది ఏంటో చెప్పండమ్మా, అది చేస్తాం."

ఆమె తడుముకోలేదు. "నలుపు అంటుకుద్ది. తెల్ల చొక్కాలు ఎవరుతకాల?"

ఎంత ఉతికినా ఎంత తుడిచినా టైరు నలుపు కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. లాప్‌టాప్ బొమ్మల్లో దానికి జవాబు పైన రంగు వేయడం. ఒంగి, నొక్కుకునే రబ్బరు మీద మామూలు పెయింటు ఎక్కువ కాలం ఆగదు, పొట్టు రేగిపోతుంది. చివరికి టైరు మొత్తానికి కొబ్బరి తాడు చుట్టారు. ఒక్కో టైరుకు పట్టిన తాడు చూసి నేనే ఆశ్చర్యపోయాను. చేతులు బొబ్బలెక్కాయి. కానీ ఆ తాడు చుట్టాక అది లారీ టైరు అని చెబితే తప్ప తెలియలేదు. తాడు కొత్తదే కొనాల్సి వచ్చింది. అలా వాళ్ల ప్రొఫెసర్ నియమం ఒకచోట తప్పింది. ఆ తల్లి అడిగినదాని ముందు ఆ నియమం చిన్నదనిపించింది నాకు.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఆబర్న్ విశ్వవిద్యాలయం విద్యార్థులు చేస్తున్న పని గురించి మా ఐదుగురు విద్యార్థులే నాకు చెప్పారు. శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ అనే ఇద్దరు అధ్యాపకులు 1993లో హేల్ కౌంటీ అనే పేద పల్లె ప్రాంతంలో రూరల్ స్టూడియో మొదలుపెట్టారు. విద్యార్థులు అక్కడే నివాసం ఉండి, అక్కడివాళ్లకు ఇళ్లు, ప్రార్థన మందిరాలు, సామూహిక భవనాలు స్వయంగా కట్టాలి. 2000లో మేసన్స్ బెండ్ అనే చోట కట్టిన ఒక భవనానికి పైకప్పు అద్దాల పొలుసుల వరుసలా ఉంటుంది. అవి షెవర్లే కాప్రీస్ కార్ల ముందు అద్దాలు. ఒక విద్యార్థి షికాగోలో పాత కార్ల కొట్టు నుంచి 120 డాలర్లకు 80 అద్దాలు కొనుక్కొచ్చాడు. ఆ ఫొటోలు చూస్తే పారేసిన సామాను అన్న ఊహే రాదు. బీదవాళ్లకు తల దాచుకునే కప్పు ఒక్కటే చాలదు, అందం కూడా కావాలని మాక్‌బీ పట్టుబట్టాడు. ఆయన 2001 చివర్లో చనిపోయాడు. మరుసటి ఏడాది పూర్తయిన లూసీ హౌస్ అనే ఇల్లు ఆయన తలపెట్టినదే. దాని గోడలు 72,000 తివాచీ పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బరువైన చెక్క దూలాల చట్రంతో అదిమి కట్టినవి. ఆ పలకల్లోంచి రసాయనాల ఆవిర్లు పోయేదాకా వాటిని ఏళ్ల తరబడి నిల్వ ఉంచాకే వాడారట.

ఆ నిల్వ ఉంచడమే నా మనసును పట్టుకుంది. పారేసిన వస్తువును వెంటనే తెచ్చి అతికించేస్తే అది ఇచ్చేవాడి తొందర. మనుషులుండే ఇల్లు కదా అని ఏళ్లపాటు ఆగడం పుచ్చుకునేవాళ్ల మీద గౌరవం. పాత సామానుతో చేసే పని కొత్త సామానుతో చేసేదానికన్నా ఎక్కువ శ్రద్ధగా ఉండాలని నేను నమ్ముతాను. అంత శ్రద్ధ పెట్టలేనప్పుడు కొత్త ప్లాస్టిక్ కుర్చీ కొనివ్వడమే మర్యాద.

ఫ్లెక్సీల విషయంలో ఆ శ్రద్ధ అవసరం పడింది. పడమటి ఎండకు తెర కావాలి. మా ఊళ్లో ఫ్లెక్సీకి కొదవ లేదు. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, వర్ధంతులు, ఎన్నికలు. 2022 ఆగస్టులో విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్టు ప్రకటించారు గానీ ఊరి కూడళ్లలో అవి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పని అయిపోయాక గడ్డివాముల మీద, పశువుల పాకల మీద, మిరపకాయల కింద తేలతాయి. అంతకు మించి వాటికి దారి లేదు. లోపల పాలిస్టర్ వల, దాని రెండు పక్కలా పీవీసీ పూత. రెండు ప్లాస్టిక్కులు ఒకదానికొకటి అంటుకుపోయాక విడదీసి కరిగించడం కష్టం. తగలబెడితే విషపు పొగ. మెత్తగా ఉండడానికి కలిపే రసాయనాలు పిల్లల ఒంటికి మంచివి కావని గుంటూరు అమ్మాయి చదివి చెప్పింది. అందుకని ఫ్లెక్సీని కూర్చునేచోట, చేతికి అందేచోట వాడకూడదని ఐదుగురూ నిర్ణయించుకున్నారు. పిల్లల చేతులకు అందని ఎత్తులో, వరండా చూరుకు మాత్రమే కట్టాలి.

కట్టారు. మొదటి తెర రెండు ఫ్లెక్సీలను ముద్ర ఉన్న పక్కలు లోపలికి పెట్టి జతచేసింది. తెల్లగా, శుభ్రంగా ఉంది. కానీ సాయంత్రం ఎండ పడగానే లోపలి ముఖాలు, దండం పెడుతున్న చేతులు మసకగా బయటికి తేలాయి. రెండో తరగతి పిల్లలు ఒక్కొక్కరినీ పేర్లతో సహా గుర్తుపట్టారు. ఎన్నికలప్పుడు మా బడే పోలింగ్ కేంద్రం. అక్కడ ఏ నాయకుడి ముఖమూ ఉండడానికి వీల్లేదు. పైగా గాలి వచ్చిందంటే తెర ఉబ్బి చూరు వాసాలను లాగేస్తోంది. కుట్టిన చోటల్లా సూది బొక్కల వెంబడి చిరగడం మొదలైంది.

రాయచోటి అమ్మాయి ఒక ఫ్లెక్సీని రెండంగుళాల పట్టీలుగా కత్తిరించి, చాప అల్లినట్టు అల్లి చూసింది. ముఖాలన్నీ ముక్కలైపోయి రంగులు మాత్రం మిగిలాయి. పట్టీల సందుల్లోంచి గాలి దాటిపోయింది. కుట్టు అవసరమే లేకపోయింది. మూడు ఇబ్బందులకూ ఒకే జవాబు. ఇదే పాత సామానుతో పనిలో నాకు ఎంతో ఇష్టమైన గుణం. వస్తువు తన దోషాలన్నీ ముందే బయట పెట్టేస్తుంది. దాచుకోదు. దోషాలన్నీ ఒకచోట పరుచుకుని చూస్తే దారి కూడా వాటిలోనే ఉంటుంది. ఒక్కరే చూస్తే అన్ని దోషాలూ కనిపించవు కాబట్టి ఎక్కువ కళ్లు కావాలి.

ఊళ్లో ఒక పెంకుటిల్లు తీసేసి డాబా వేస్తున్నారు. దూలాలూ వాసాలూ అప్పటికే బేరగాళ్లు పట్టుకుపోయారు. వంటింటి పొగకు నల్లబడిన అటక చెక్కలు మిగిలితే పుస్తకాల అల్మరాకని ఇంటివాళ్లు మాకిచ్చారు. విద్యార్థుల్లో నర్సీపట్నం నుంచి వచ్చిన అబ్బాయి ఒక్కో చెక్కనూ వేలి కణుపులతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కొన్ని ఇటు, కొన్ని అటు పెట్టాడు. పుచ్చిందాని మోత వేరుగా ఉంటుందన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, వాళ్ల నాన్న వడ్రంగి అని చెప్పాడు. రెండేళ్లుగా ఒకే క్లాసులో ఉన్నవాళ్లకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. కంప్యూటర్లో గీతలు గీసే పోటీలో అతను ఎప్పుడూ వెనకే ఉండేవాడట. ఆ పూట నుంచి చెక్క విషయంలో అతని మాటే ఆఖరు. మేకులు పీకడం, చిత్రిక పట్టడం, గరుకు కాగితం రుద్దడం మిగిలిన నలుగురికీ అతనే నేర్పాడు. నల్ల పొర లేచిపోయి లోపలి టేకు రంగు బయటపడుతుంటే మా పిల్లలు చుట్టూ మూగి చూశారు.

ఆ చెక్కల దగ్గరే వాళ్లు గట్టిగా పోట్లాడుకున్నారు కూడా. పొడవులు సమానంగా లేవు. అన్నీ కురచదానికి సరిపడా కోసేస్తేనే అల్మరా తీరుగా ఉంటుందని గుంటూరు అమ్మాయి. అంత మంచి టేకు కోసి పారేయడం తన వల్ల కాదని నర్సీపట్నం అబ్బాయి. ఆమె పట్టుదలకు కారణం నాకు అర్థమైంది. హెచ్చుతగ్గుల అంచులు చూడగానే ఆ తల్లి అడిగిన ప్రశ్న మళ్లీ వస్తుంది. అతని పట్టుదలా అర్థమైంది. చివరికి పిల్లలవైపు అంచు దారం పట్టినట్టు తిన్నగా వచ్చేలా చెక్కలు జరిపి, ఎక్కువ తక్కువలు గోడ పక్కకు తోశారు. డెస్కు ఫ్రేములను ఆ ఎక్కువ తక్కువలకు తగ్గట్టు జరుపుకుంటూ పోయారు. ఎవరూ ఓడిపోలేదు.

పాత సామానును ఒకదానితో ఒకటి కలిపే అతుకులు ఎంత ముఖ్యమో చెప్పడానికి నాకు అరవింద్ గుప్తా గుర్తొస్తాడు. ఐఐటీ కాన్పూర్లో చదివి, టెల్కోలో ఉద్యోగం చేస్తూ, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ బడుల విజ్ఞాన బోధన కార్యక్రమంలో చేరినవాడు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి త్రిభుజాలు, ఘనాలు కట్టించాడు. అగ్గిపుల్ల అందరికీ తెలిసిందే. రెండు పుల్లల్ని వంగేలా కలపడానికి ఆ రబ్బరు ముక్క సరిపోతుందని చూడగలగడమే అతని తెలివి.

మా టైర్ల పనిలో ఆ తెలివి ఊళ్లో మంచాలు అల్లే పెద్దాయనది. విద్యార్థులు టైరు మధ్య ఖాళీని చుట్టూ సమానంగా అల్లే నమూనా ఒకటి గీశారు. చాలా అందంగా ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు.

"మంచానికి కాళ్ల పక్క ఉంటది కాబట్టి నులక వదులైతే అక్కడ తాళ్లు బిగించుకుంటాం. దీనికి ఏ పక్క బిగిస్తారయ్యా?"

గుండ్రటిదానికి కాళ్ల పక్క ఉండదు. పిల్లలు గెంతుతారు, నెల తిరిగేసరికి అల్లిక జారుతుంది, ఇక విప్పి మొత్తం మళ్లీ అల్లుకోవాల్సిందే. అంత చిన్న ప్రశ్నతో ఆ అందమైన బొమ్మ పక్కకు పోయింది. ఐదుగురూ ఆయనతో కూర్చుని చూశారు. డెస్కు ఫ్రేములోంచి మిగిలిన ఇనుప గొట్టం ముక్కను ఖాళీలో ఒక పక్కగా అడ్డంగా పెట్టారు. అల్లిక టైరు అంచు నుంచి ఆ గొట్టం దాకా వచ్చి ఆగుతుంది. గొట్టానికీ అవతలి అంచుకూ మధ్య బిగింపు తాళ్లు. గొట్టం కొనలకు సైకిలు ట్యూబు తొడిగారు. దాంతో గుండ్రటిదానికి కూడా కాళ్ల పక్క వచ్చింది. టైరు ఆటోనగర్‌ది, గొట్టం మా స్టోరు గదిది, లెక్క పెద్దాయనది, దాన్ని కాగితం మీద పెట్టి మిగిలిన టైర్లకు కొలతలు తీసింది హైదరాబాద్ కుర్రాడు. తాళ్లు బిగించడం మా నాలుగో తరగతి పిల్లలు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. నెలకోసారి వాళ్లే బిగిస్తున్నారు.

కాలేజీలో మార్కులు వేసే రోజు నన్నూ పిలిచారు. ఏ భాగం ఎవరి డిజైను అని పరీక్షకులు అడిగితే ఐదుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. విడదీయడం వాళ్లకు చేతకాలేదు. విడివిడిగా మార్కులు వేయక తప్పని పద్ధతి అది, పరీక్షకులను తప్పుపట్టను. విద్యార్థులు పెట్టిన నివేదికలో బృందం అన్నచోట వాళ్ల ఐదు పేర్ల కింద టైర్ల మేస్త్రి, మంచాలు అల్లే పెద్దాయన, చొక్కాల గురించి అడిగిన తల్లి పేర్లు కూడా ఉన్నాయి. సహకరించినవారు అని వేరే శీర్షిక కింద కాకుండా అదే వరుసలో ఉన్నాయి. ఆ వరుస చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వచ్చే బ్యాచ్ వాళ్లు కూడా మా బడికే వస్తామన్నారు. బోరు దగ్గర కంచాలు కడుక్కునేచోట నీడ కావాలని మా పిల్లలు అడిగారు. ఆటోనగర్ మేస్త్రికి ఫోన్ చేసి పాత లారీ టార్పాలిన్ల గురించి కనుక్కున్నాను. వానాకాలం పోయాక లారీలవాళ్లు చిరిగినవి మార్చుకుంటారట, అప్పుడైతే ఏరుకోవచ్చట. ఈలోగా నీడ ఎన్ని గంటలకు ఎటు పడుతోందో మా ఐదో తరగతి పిల్లలు సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి, నోటు పుస్తకంలో రాసి ఉంచుతున్నారు.